లిస్టులో 41వ నెంబరు: ఫ్యామిలీతో క్యాంపింగ్‌కి సర్దుకునేటప్పుడు నేను చేసిన తప్పు



డిసెంబరు వచ్చిందంటే మన ఫోన్లన్నీ మంచుతో నిండిపోతాయి. లంబసింగి, వనజంగి, అరకు... మబ్బుల మీద నిలబడి తీసిన వీడియో ఒకటి కనిపిస్తుంది. వెంటనే ఎవరో ఒకరికి పంపేస్తాం, "ఈసారి మనం కూడా టెంటు వేద్దామా" అని. ఫ్రెండ్స్‌తో అయితే అంతే, శనివారం సాయంత్రం బండ్లు తీసి వెళ్ళిపోతాం. ఏదైనా మర్చిపోయినా అది తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తుంది. కానీ అదే టెంటులోకి అమ్మని, నాన్నని, చిన్నపిల్లని తీసుకెళ్తే లెక్క మారిపోతుంది. ఈరోజు ఆ లెక్క గురించి మాట్లాడుకుందాం.

ముందే చెప్పేస్తున్నా. ఇది "క్యాంపింగ్‌కి తప్పక కొనాల్సిన 20 వస్తువులు" లాంటి ఎపిసోడ్ కాదు. మిమ్మల్ని ఏదీ కొనమని చెప్పను. నేను అన్నీ కొన్నాను, అన్నీ సర్దాను, ఒక్కటి కూడా మర్చిపోలేదు. అయినా ఒక రాత్రి కావాల్సిన వస్తువు చేతికి అందలేదు. అది ఎలా జరిగిందో చెప్తాను.

మాది విశాఖపట్నం, గాజువాక వైపు. రెండేళ్ళ క్రితం జనవరి మొదట్లో లంబసింగి వెళ్ళాం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, మా పాప. మొత్తం ఐదుగురం. పాపకి అప్పుడు ఐదేళ్ళు. నాన్నకి 63. ఆయనకి చాలా ఏళ్ళుగా షుగరు ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు.

నాకు లిస్టులంటే పిచ్చి. ఆఫీసులో చేసేదీ అదే పని కాబట్టి అలవాటైపోయింది. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని 64 వస్తువులు రాశాను. టెంట్లు రెండు, గాలి పరుపులు, బార్బెక్యూ స్టాండు, బొగ్గులు, మడత కుర్చీలు, బ్లూటూత్ స్పీకరు, ట్రైపాడ్, మెరిసే లైట్ల తీగ... ఒక్కొక్కటి డిక్కీలో పెట్టడం, ఒక్కొక్క టిక్కు కొట్టడం. 64కి 64. ఆ స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో కూడా పెట్టాను, సిగ్గు లేకుండా.

బయల్దేరే టైముకి అమ్మ ఒక గుడ్డ సంచి పట్టుకుని వచ్చింది. బట్టల షాపువాళ్ళు చీర పెట్టి ఇస్తారే, ఆ సంచి. "అమ్మా, ఇదెందుకు మళ్ళీ? అన్నీ నా లిస్టులో ఉన్నాయి" అన్నాను. "ఉండనీరా. నా కాళ్ళ దగ్గరే పెట్టుకుంటాను. నీకేటి బరువు?" అంది. దారిలో అనకాపల్లిలో బెల్లం కొంటాను, ఆపమంది. క్యాంపింగ్‌కి వెళ్తూ బెల్లమేంటని నేను విసుక్కున్నాను కూడా. ఈ సంచి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అనకాపల్లి దాటి నర్సీపట్నం, అక్కడినుంచి ఘాటు రోడ్డు. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. మనం ముద్దుగా ఆంధ్రా కశ్మీర్ అని పిలుచుకుంటాం గానీ, ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. కొర్ర అంటే కర్ర. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. నాకైతే కశ్మీర్ కంటే ఆ పేరే నిజం చెప్తుందనిపిస్తుంది. కశ్మీర్ అంటే ఫొటో గుర్తొస్తుంది, కొర్రబయలు అంటే రాత్రి గుర్తొస్తుంది.

తాజంగి రిజర్వాయరుకి దగ్గరలో ఒక రైతుని అడిగి, డబ్బులిచ్చి, కోత అయిపోయిన ఆయన పొలంలో టెంట్లు వేశాం. కారు పొలంలోకి దిగదు కాబట్టి రోడ్డు పక్కనే ఆపేశాం. టెంటు నుంచి కారుకి మూడు నిమిషాల నడక. పగలు అది అసలు దూరమే అనిపించలేదు. సాయంత్రం అందరం చెరువులవేనం వైపు కొండెక్కాం. నాన్న కూడా ఉత్సాహంగా నడిచారు. ఇంటి దగ్గర రోజూ నడిచేదానికి మూడింతలు నడిచి ఉంటారు.

రాత్రి ఎనిమిదికి నాన్న అలవాటు ప్రకారం ఇన్సులిన్ వేసుకున్నారు. అరగంటలో భోజనం అని నేనే చెప్పాను మరి. బార్బెక్యూ నా డ్యూటీ. బొగ్గులు మంచుకి చెమ్మెక్కిపోయాయి, ఎంత విసిరినా రాజుకోవు. నేనేమో దాన్ని కూడా వీడియో తీసుకుంటూ నవ్వుకుంటున్నాను. మధ్యలో అమ్మ నాన్నకి నాలుగు బిస్కట్లు పెట్టింది. చికెన్ అయ్యేసరికి పదైంది. నాన్న రెండు ముక్కలు తిని, "ఇంత రాత్రి అన్నమెందుకులే" అని వెళ్ళి పడుకున్నారు. ఎవరం ఏమీ అనుకోలేదు.

రెండు దాటాక మెలకువ వచ్చింది. పెద్ద టెంటులోనే ఐదుగురం పడుకున్నాం, సామాన్లన్నీ చిన్న టెంటులో పడేశాం. పక్కనే నాన్న వణుకుతున్నారు. అప్పుడు చలి ఏడు డిగ్రీలు. చలికే అనుకున్నాను. నా దుప్పటి తీసి ఆయన మీద కప్పాను. "నాన్నా, చలేస్తుందా?" అంటే, "బస్సు వచ్చేసిందా?" అన్నారు. నిద్రమత్తులో మాట్లాడుతున్నారనుకుని, ఇంకో దుప్పటి లాగబోయాను.

అమ్మ లేచింది. నాన్న మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. "ఒరే, ఇది చలి కాదురా. ఒళ్ళంతా తడిసిపోయింది. చలికి వణికేవాళ్ళకి చెమట పడుతుందా?"

షుగరు పడిపోయింది. ఇన్సులిన్ వేసుకున్నారు, తిండి ఆలస్యమైంది, అందులో అన్నం లేదు, దానికితోడు అలవాటు లేని నడక. ఇప్పుడు చెప్తుంటే ఎంత సింపుల్‌గా ఉందో చూడండి. ఆ క్షణంలో నాకు ఒక్కటీ తట్టలేదు.

కావాల్సింది పంచదార. పంచదార ఉందా? ఉంది. లిస్టులో 41వ నెంబరు, టిక్కు కూడా ఉంది. ఎక్కడుందో కూడా నాకు తెలుసు. కారు డిక్కీలో, వంట సామాను డబ్బాలో. ఆ డబ్బా మీద బార్బెక్యూ స్టాండు, దాని మీద మడత కుర్చీలు. కారు తాళం ప్యాంటు జేబులో. ఆ ప్యాంటు మార్చేసి చిన్న టెంటులో ఏదో బ్యాగులో కుక్కాను. ఏ బ్యాగో తెలీదు. టార్చి కోసం ఫోను తీస్తే నాలుగు శాతం ఉంది. సాయంత్రం నుంచి వీడియోలు తీసింది నేనే, పైగా చలికి బ్యాటరీ ఇంకా తొందరగా దిగిపోతుంది. పవర్ బ్యాంకు? అదీ ఉంది. కారులోనే.

నేను చెప్పులు లేకుండా, మంచుతో తడిసిన పొలంలో, చీకట్లో బ్యాగులు విప్పుతూ కూర్చున్నాను. నా 64 వస్తువులు నా చుట్టూనే ఉన్నాయి. ఒక్కటీ చేతికి దొరకడం లేదు.

టెంటులోకి తిరిగి వచ్చేసరికి అమ్మ నాన్నని లేపి కూర్చోబెట్టి గ్లాసు నోటికి పెట్టింది. గ్లూకోజు కలిపిన నీళ్ళు. గుడ్డ సంచి ఆవిడ తలగడ పక్కనే ఉంది. అందులో గ్లూకోజు పొడి, చెంచా, నీళ్ళ సీసా, చిన్న టార్చి, బిస్కట్ ప్యాకెట్టు, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క, నాన్న మందులు, షుగరు మీటరు. ఇంతే. లైటు కూడా పూర్తిగా వెలగకముందే గ్లాసు కలిపేసిందట.

మీటరు పెట్టి చూద్దామంటే ఎర్రర్ చూపిస్తోంది. చలికి. "చంకలో పెట్టుకుని వెచ్చబెట్టు" అంది మా ఆవిడ. కాసేపటికి పనిచేసింది. 58. అంటే గ్లూకోజు తాగాక కూడా 58. పావుగంట ఆగి మళ్ళీ ఇచ్చాం, మళ్ళీ చూశాం. తర్వాత బిస్కట్లు, ఒక అరటిపండు. ఇంకో అరగంటకి నాన్న మామూలు మనిషై, "ఏంట్రా, అందరూ లేచి కూర్చున్నారు? ఏమైంది?" అన్నారు. మా ఆవిడ ఒక్కసారిగా ఏడ్చేసింది. పాప మాత్రం అసలు లేవనే లేదు.

తెల్లారింది. మంచు బ్రహ్మాండంగా ఉంది. అందరూ వచ్చేది దానికోసమే. నేను కెమెరా తీయలేదు. టెంటులోకి తొంగిచూస్తే అమ్మ శాలువా నాన్న మీద ఉంది. అమ్మ నా రెయిన్‌కోటు వేసుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. రాత్రంతా అలాగే ఉందట. ఫోను ఛార్జింగు పెట్టి ఆ లిస్టు మళ్ళీ తెరిచాను. పాప మంకీ క్యాపు ఉంది, పాప సాక్సులు నాలుగు జతలు ఉన్నాయి, నాన్న మందులు ఉన్నాయి. అమ్మ కోసం అని రాసిన వస్తువు ఒక్కటీ లేదు. 64లో ఒక్కటీ లేదు.

సరే. అక్కడినుంచి నేను సర్దే పద్ధతి మొత్తం మార్చేశాను. ఇప్పుడు అది చెప్తాను.

ఇన్నాళ్ళూ లిస్టు చూసి నేను అడిగిన ప్రశ్న, "ఇది తెచ్చామా లేదా?" అడగాల్సింది అది కాదు. "రాత్రి రెండింటికి, చీకట్లో, లేవకుండా ఇది చేతికి అందుతుందా?" అని అడగాలి. ఇంట్లో మనకి ఈ ప్రశ్న ఎందుకు రాదంటే, ఇంట్లో స్విచ్ ఎక్కడుందో చేతికి తెలుసు, పంచదార డబ్బా ఏ అరలో ఉందో తెలుసు. టెంటులో చేతికి ఏమీ తెలీదు.

అందుకే ఇప్పుడు నేను సామాన్లని రకాలుగా విడదీయను. దూరాన్ని బట్టి విడదీస్తాను. మూడే మూడు చోట్లు. తలగడ దగ్గర, టెంటు లోపల, కారులో.

తలగడ దగ్గర అంటే పడుకునే చెయ్యి చాచితే దొరకాలి. టార్చి, నీళ్ళు, మందులు, తీపి, కారు తాళం, పూర్తిగా ఛార్జయిన ఒక ఫోను, పవర్ బ్యాంకు, కళ్ళజోడు. ఒక్కొక్కరికి ఒక చిన్న సంచి. మనిషికొక టార్చి ఉండాలి. ఫోను టార్చిని లెక్కలోకి తీసుకోకండి. ఫోను టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. పాప సంచిలో ఒక ఈల కూడా పెడతాం. భయమేసినా, దారి తప్పినా ఊదమని చెప్పాం. మొదటిరోజు ఊరికే ఊది మా చెవులు చిల్లులు పడేలా చేసింది, అది వేరే విషయం.

టెంటు లోపల అంటే లేచి రెండడుగులు వేస్తే దొరికేవి. పొడి బట్టలు, అదనపు దుప్పట్లు, పిల్లల బట్టలు, పాత న్యూస్ పేపర్లు, చెత్త సంచి. మిగతావన్నీ కారులోకి. స్పీకరు, కుర్చీలు, వంట సామాను. అర్ధరాత్రి స్పీకరు కోసం ఎవరూ లేవరు కదా.

ఇప్పుడు మనుషుల విషయానికి వద్దాం. లిస్టుని వస్తువుల పేర్లతో మొదలుపెట్టకండి. మనుషుల పేర్లతో మొదలుపెట్టండి. పేజీకొక పేరు రాసి, ఆ మనిషికి సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు వరకు ఏం జరుగుతుందో గంటగంటకీ ఊహించుకోండి.

మా నాన్న పేజీలో మొదటి లైను, భోజనం టైము. వంట అయ్యాకే ఇన్సులిన్. ప్లేటు ఎదురుగా వచ్చాకే. బార్బెక్యూ ఉన్నా సరే, ఇంటి నుంచి తెచ్చిన పులిహోరో, చపాతీలో ఒక డబ్బాలో సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళు ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరుని కలిసి, ఎక్కువ నడిచే రోజు మందు ఎలా వేసుకోవాలో అడగండి. నేను చెప్పేది విని మార్చకండి, డాక్టరునే అడగండి.

కొన్ని విషయాలు మాత్రం అందరికీ తెలియాలి. షుగరు పడిపోతే వణుకు, చెమట, గుండెదడ, తికమకగా మాట్లాడటం ఉంటాయి. చలిలో వణుకు ఒక్కటే చూస్తే మోసపోతాం. మెడ తడిమి చూడండి. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార, అంటే దాదాపు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి ఇవ్వాలి. 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి.

ఇన్సులిన్ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగినా వాడకూడదు. అందుకే చలి ప్రదేశంలో దాన్ని రాత్రి కారులో వదలకండి. ఒంటికి దగ్గరగా, దుప్పటి లోపల పెట్టుకోండి. మీటరు కూడా అంతే. చాలా మీటర్లు 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో సరిగ్గా పనిచేయవు. మీ మీటరు ఎంతవరకు పనిచేస్తుందో దాని పుస్తకంలో రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

అమ్మ పేజీలో మొదటి వస్తువు ఏంటో తెలుసా? ప్లాస్టిక్ స్టూలు. టెంటు గుమ్మం చాలా కిందకి ఉంటుంది. మనం పాకుతూ బయటికి వచ్చేస్తాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అలా లేవలేరు. అమ్మ ఆ రోజు రాత్రి బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు తాగడమే మానేసిందని తర్వాత తెలిసింది. మనకి చెప్పరు. అడగాలి. గుమ్మం పక్కన ఒక స్టూలు ఉంటే దాన్ని పట్టుకుని లేస్తారు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ఇంట్లో ఉన్నదే.

పాప పేజీలో రెండు జతల రాత్రి బట్టలు, ఎందుకంటే ఒక జత తడుస్తుంది. మంచు వల్లా కావచ్చు, ఇంకోలా కూడా కావచ్చు. తను రోజూ పట్టుకుని పడుకునే బొమ్మ కూడా ఉంటుంది. దోమల క్రీము, ఫుల్ హ్యాండ్స్ బట్టలు అందరికీ. ఏజెన్సీలో మలేరియా పాత సమస్య, చలిగా ఉంది కదా దోమలుండవని అనుకోకండి.

ఇక చలి. మనం చేసే పెద్ద పొరపాటు, పైన కప్పుకోవడానికి నాలుగు దుప్పట్లు తీసుకెళ్తాం, కింద పరుచుకోవడానికి ఏమీ ఉండదు. ఒంటి వేడిని నేల లాగేస్తుంది. గాలి పరుపు మెత్తగా ఉంటుంది గానీ, దానిలో ఉన్న గాలి చల్లబడితే చల్లటి గాలి మీద పడుకున్నట్టే. ఆ పొలం రైతు సాయంత్రమే వచ్చి, "బాబూ, గడ్డి ఉంది, కింద వేసుకోండి" అన్నారు. "పరుపులున్నాయండీ" అన్నాను గొప్పగా. రెండో రాత్రి నేనే వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను. ఎండుగడ్డి, దానిమీద పట్టా, దానిమీద టెంటు, లోపల పేపర్లు, అట్టపెట్టెలు విప్పిన అట్టలు, ఆపైన దుప్పటి. హాయిగా నిద్రపట్టింది. పట్టా మాత్రం టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే మంచునీళ్ళు దానిమీద పడి టెంటు కిందకి చేరతాయి.

పడుకునే ముందు వేసుకున్న బట్టలు మార్చేయండి. కొండెక్కినప్పుడు పట్టిన చెమట కాటన్ చొక్కాలోనే ఉండిపోతుంది, రాత్రి అదే వణికిస్తుంది. స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. టెంటుకి ఉండే గాలి కిటికీలు మొత్తం మూసేయకండి. మూస్తే మన ఊపిరి తేమే లోపల నీళ్ళయి కారుతుంది.

ఇది మాత్రం చాలా జాగ్రత్తగా వినండి. చలిగా ఉందని నిప్పుల కుంపటిని గానీ, మిగిలిన బార్బెక్యూ బొగ్గులని గానీ, గ్యాస్ పొయ్యిని గానీ టెంటులోకి తేవద్దు. పొగ లేదు కదా, నిప్పులే కదా అనుకుంటాం. ఆ నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తర్వాత లేవరు. నిద్రలో ఉన్నవాళ్ళకి తెలిసే అవకాశమే ఉండదు. బయట చలి కాచుకోండి, నీళ్ళు పోసి పూర్తిగా ఆర్పేయండి, అప్పుడు లోపలికి రండి. మంట పెట్టేది కూడా అనుమతి ఉన్నచోటే. రిజర్వు ఫారెస్టులో సొంతంగా టెంటు వేసి మంట పెడితే కేసవుతుంది, అడవి కూడా తగలబడుతుంది.

ఫోను సంగతి ఒక్క నిమిషం. ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మీ ఐదు ఫోన్లలో వేరు వేరు నెట్‌వర్కులు ఉండేలా చూసుకోండి. వెలుతురు ఉండగానే, టెంటు నుంచి ఎటు ఎంత దూరం వెళ్తే సిగ్నల్ వస్తుందో నడిచి చూడండి. అక్కడినుంచి దగ్గర ఆసుపత్రి ఎక్కడో ఊళ్ళోవాళ్ళని అడగండి. మాకు చింతపల్లి కాస్త దూరమే. ఆ రాత్రి నాకు ఆ విషయం కూడా తెలీదు. ఫోన్లు, పవర్ బ్యాంకు రాత్రి దుప్పటి లోపలే పడుకోవాలి, మీతోపాటు.

ఇవన్నీ సర్దాక చివరిగా ఒక పరీక్ష ఉంది. మేము పెట్టుకున్న పేరు డాబా పరీక్ష. వెళ్ళేముందు వారం, ఇంటి డాబా మీద టెంటు వేస్తాం. డాబా లేకపోతే హాల్లో దుప్పట్లు పరిచి అయినా చెయ్యొచ్చు. అందరం పడుకుంటాం, లైట్లు ఆర్పేస్తాం. ఒక్కొక్కరినీ అడుగుతాం. "పాపా, నీ టార్చి ఏది?" "నాన్నా, మందు ఏది?" "కారు తాళం ఎవరి దగ్గర?" పదంకెలు లెక్కపెట్టేలోపు దొరకాలి. దొరకకపోతే దాని చోటు మారుస్తాం. మొదటిసారి చేసినప్పుడు నేనే ఫెయిలయ్యాను, కారు తాళం దగ్గరే. పాపకి మాత్రం ఇది పెద్ద ఆట. ఫోనులో టిక్కులు కొట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

పోయిన జనవరిలో మళ్ళీ వెళ్ళాం. నాన్నే అడిగారు. "భయపడి మానేస్తామా ఏంటి" అన్నారు. ఈసారి స్పీకరు లేదు, లైట్ల తీగ లేదు, బార్బెక్యూ లేదు. మొత్తం 40 వస్తువులు కూడా లేవు. ఏడున్నరకల్లా పులిహోర తిని, ఎనిమిదిన్నరకి అందరం దుప్పట్లలో ఉన్నాం. రాత్రి ఒకసారి మెలకువ వచ్చింది, అలవాటుగా నాన్న మెడ మీద చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. వెచ్చగా ఉంది. "నిద్రపోరా" అన్నారు.

ఇంకో విషయం. ఈసారి అమ్మ సంచి నేను సర్దాను. రెండు శాలువాలు, సాక్సులు, మోకాళ్ళకి రాసుకునే మందు, టార్చి, తనకి ఇష్టమని బెల్లం వేసిన వేరుశనగ చిక్కీలు. చేతికిస్తే తెరిచి చూసి, "ఇవన్నీ నాకెందుకురా" అంది. కానీ కారులో కాళ్ళ దగ్గరే పెట్టుకుంది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. పాత గుడ్డ సంచి కూడా తెచ్చిందనుకోండి, దాన్ని ఆపే ధైర్యం నాకు లేదు.

మీరు ఈ చలికాలం ఎక్కడికైనా వెళ్తుంటే, ఇవాళ రాత్రే ఇంట్లో ఒక్క పని చెయ్యండి. అమ్మ దగ్గరికి వెళ్ళి, "రాత్రిపూట నీకు ఏం కావాల్సి వస్తుంది?" అని అడగండి. మొదట "ఏమీ వద్దు" అంటారు. రెండోసారి అడగండి. రెండోసారి చెప్పిందే మీ లిస్టులో మొదటి నెంబరు.

జాగ్రత్తగా వెళ్ళండి, మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి, వెచ్చగా పడుకోండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.